పునఃశ్రవణం – సహృదయత్వం: సింఫనీ రికార్డులు తీర్చిన ఇద్దరు శ్రోతలు

ఉపోద్ఘాతం

పాశ్చాత్య శాస్త్రీయ సంగీత చరిత్రను స్వరకర్తల చరిత్రగానో, వాద్యబృందాల చరిత్రగానో రాయడం పరిపాటి. అందులో శ్రోతకు దక్కే చోటు స్వల్పం. దక్కినప్పుడు కూడా వియన్నా, బెర్లిన్, లండన్ వంటి నగరాల సభామందిరాల్లో టికెట్టు కొని కూర్చున్న శ్రోతే ప్రమాణం. ఆ మందిరాలకు వేల మైళ్ల దూరంలో, జీవితంలో ఒక్కసారైనా పూర్తిస్థాయి ఆర్కెస్ట్రాను కంటితో చూడకుండానే సింఫనీని ప్రేమించిన శ్రోత ఈ చరిత్రలో ఒక వింతగా, ఒక పాదసూచికగా మిగిలిపోతున్నాడు. అతని ప్రేమ అసలు మీద ప్రేమ కాదని, నకలు మీద మోజు అని అనుకోవడం సులభం. ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో బొంబాయి, మైసూరు నగరాలకు చెందిన రెండు ఉదాహరణల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఈ పరిశీలనకు అవసరమైన భావన మన అలంకారశాస్త్రంలో ముందే ఉంది. ధ్వన్యాలోకానికి రాసిన లోచన వ్యాఖ్యలో అభినవగుప్తుడు సహృదయుణ్ణి నిర్వచిస్తూ, కావ్యాన్ని పలుమార్లు అనుశీలించిన అభ్యాసబలంతో మనసనే అద్దం నిర్మలమై, వర్ణ్యవస్తువులో తన్మయం కాగల యోగ్యత పొందినవాడని వివరించాడు. ఈ నిర్వచనంలో సాధారణంగా తన్మయీభావాన్ని గురించే చర్చిస్తాం. దానికి పూర్వాంగంగా ఉన్న అభ్యాసాన్ని అంతగా పట్టించుకోము. సహృదయత్వం పుట్టుకతో వచ్చిందే కానక్కరలేదు. ఆవృత్తి వల్ల సిద్ధిస్తుంది. కావ్యపాఠకుడి చేతిలో గ్రంథం ఉంటుంది కనుక ఆవృత్తి అతనికి సమస్య కాదు. సింఫనీ శ్రోత పరిస్థితి అది కాదు.

బేతోవెన్ 9వ సింఫనీని 1824 మే 7న వియన్నాలో తొలిసారి వినిపించారు. ఆ శతాబ్దంలో ఐరోపా నగరవాసి అయిన సంగీతాభిమాని కూడా ఆ కృతిని జీవితకాలంలో ఎన్నిసార్లు వినగలిగేవాడో ఊహించవచ్చు. మధ్యతరగతి ఇళ్లలో సింఫనీలను ఒకే పియానో ముందు ఇద్దరు కూర్చుని నాలుగు చేతులతో వాయించుకునేందుకు వీలుగా కుదించిన ప్రతులు అచ్చయ్యేవి. ఆవృత్తికి నాడు ఉన్న ముఖ్యసాధనం అదే. అంటే పియానో వాయించడం రాని శ్రోతకు సింఫనీ ఒక పర్వదినం వంటిది, వస్తుంది, వెళ్తుంది. దానిని అనుశీలనానికి అందే వస్తువుగా మార్చింది గ్రామఫోను రికార్డు.

లక్కపళ్లెంలో సింఫనీ

ఆర్థర్ నికిష్ నిర్దేశకత్వంలో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ 1913 నవంబరులో బేతోవెన్ 5వ సింఫనీని రికార్డు చేసింది. సంపూర్ణ సింఫనీ ముద్రణల్లో ఇదే మొదటిదని తరచు చెప్తుంటారు. నిజానికి అంతకు కొద్దికాలం ముందే జర్మనీలో ఓడియన్ సంస్థ ఇదే కృతిని వెలువరించింది. అయితే ఒక ప్రఖ్యాత నిర్దేశకుడు ఒక ప్రఖ్యాత బృందంతో ఈ పనికి పూనుకోవడం వల్ల ప్రతిష్ఠ నికిష్ ముద్రణకే దక్కింది. మొదటివాడికి కాక పేరున్నవాడికి కీర్తి దక్కడం సాహిత్యచరిత్ర చదివినవారికి కొత్త విషయం కాదు.

అప్పటికి మైక్రోఫోను లేదు. వాద్యకారులందరూ ఒక పెద్ద కొమ్ముబూర ముందు ఇరుకుగా కూర్చుని వాయించాలి. వారి ధ్వని ఒత్తిడికే ముల్లు కదిలి మైనం మీద గాడి గీస్తుంది. వందమంది ఆ బూర ముందు పట్టరు కనుక బృందాన్ని కుదించేవారు. డబుల్ బాస్ వంటి మంద్రస్థాయి తంత్రీవాద్యాలు సరిగా నమోదు కావు కనుక అనేక ముద్రణల్లో వాటి స్థానంలో ఇత్తడి ఊదువాద్యాలను ఉపయోగించేవారు. 1925లో విద్యుత్ ధ్వనిముద్రణ వచ్చాక గాని మంద్రధ్వనులు, డోలు మోతలు శ్రోత చెవికి చేరలేదు.

ధ్వని మెరుగుపడినా కాలపరిమితి మాత్రం మారలేదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే 12 అంగుళాల రికార్డు ఒక ముఖంలో 4 నిమిషాలకు కాస్త పైబడి మాత్రమే పడుతుంది. బేతోవెన్ 5వ సింఫనీ నికిష్ ముద్రణలో 8 ముఖాలు ఆక్రమించింది. దానిని పూర్తిగా వినాలంటే శ్రోత మధ్యలో 7 సార్లు లేచి రికార్డు మార్చాలి, ముల్లు పెట్టాలి, అవసరమైతే కీ ఇవ్వాలి. సింఫనీలో ఒక భావం మరొక భావంలోకి ప్రవహించే చోటే ముఖం అయిపోవడం మామూలు.

ఈ పరిమితి భారతీయ సంగీతాన్ని కూడా తాకింది. అయితే తాకిన తీరు వేరు. 1902లో కలకత్తాలో మొదలైన మన దేశపు రికార్డులు ఎక్కువగా 10 అంగుళాలవి. ఒక ముఖానికి సుమారు 3 నిమిషాలు. మనోధర్మ ప్రధానమైన కర్ణాటక సంగీతంలో గాయకుడు ఆలాపనను తగ్గించి, సంగతులను ఏరి, కృతిని ఆ మూడు నిమిషాల్లో ఇమిడ్చేవాడు. తెలుగునాట ఊరూరా మోగిన రంగస్థల పద్యాల రికార్డుల్లోనూ జరిగింది ఇదే. నాటకశాలలో ప్రేక్షకుల కోరిక మీద రాగం సాగదీసే నటుడు రికార్డు మీద ఆ సాగతీతను అదుపులో పెట్టుకోక తప్పేది కాదు. అంటే సాగే గుణమున్న సంగీతాన్ని రికార్డు కుదించింది. ప్రతి స్వరమూ కాగితం మీద ముందే స్థిరపడిన సింఫనీని కుదించడం సాధ్యం కాదు. అందువల్ల దానిని ముక్కలు చేసింది. మన శ్రోతకు రికార్డు ఇచ్చింది కచేరీ సారాంశం. సింఫనీ శ్రోతకు ఇచ్చింది పూర్తి పాఠం, కాకపోతే విడివిడి పత్రాలుగా. మళ్లీమళ్లీ చదవడానికి పాఠం కావాలి గాని సారాంశం చాలదు. సింఫనీ విషయంలో రికార్డు గ్రంథంలా పనిచేయగలగడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక ముచ్చట. ఈ రికార్డుల్లో ముఖ్యమైన ముడిపదార్థం లక్క. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు స్రవించే జిగురు అది. ఛోటానాగపూర్ అడవులు దానికి ప్రధానమైన నెలవు. లండనులో తయారైన బేతోవెన్ రికార్డులోని లక్క భారతదేశపు అడవుల నుంచి వెళ్లిందే. ఆ లక్కను ఏరినవారి ఇళ్లకు ఆ సంగీతం చేరలేదని వేరే చెప్పనక్కరలేదు.

బొంబాయి: రూపం ముందు, నాదం తరువాత

1908లో బొంబాయి పార్సీ కుటుంబంలో జన్మించిన మెహ్లీ మెహతా వయొలిన్ విద్యను చాలావరకు స్వయంకృషితో సాధించారు. వృత్తిపరమైన సింఫనీ బృందాల వాతావరణం లేని నగరంలో 1935లో బాంబే సింఫనీ ఆర్కెస్ట్రాను, 1940లో బాంబే స్ట్రింగ్ క్వార్టెట్‌ను నెలకొల్పారు. తరువాత న్యూయార్కు వెళ్లి ఇవాన్ గలామియన్ వద్ద శిక్షణ పొందారు. ఈ క్రమం గమనింపదగినది. సాధారణంగా గురువు, శిక్షణ, బృందం అనే వరుస ఉంటుంది. ఇక్కడ బృంద స్థాపన ముందు వచ్చింది, ఉన్నతశిక్షణ ఆ తరువాత వచ్చింది. బృందంలో పాల్గొని పెరిగినవాడు కాదు ఆయన. బృందధ్వనిని దూరం నుంచి విని, అది తన ఊళ్లో లేని లోటును తీర్చుకోవడానికి బృందాన్ని నిర్మించుకున్న వ్యక్తి.

ఆయన కుమారుడు జుబిన్ మెహతా 1936 ఏప్రిల్ 29న జన్మించారు. ఇంట్లో తండ్రి రికార్డులు, ముందుగదిలో క్వార్టెట్ సాధనలు. ఈ రెంటి మధ్య ఆయన బాల్యం గడిచింది. వైద్యవిద్యకు సిద్ధమవుతూ ఆ చదువు మధ్యలో వదిలి, 1954లో 18 ఏళ్ల వయసులో హన్స్ స్వరోవ్‌స్కీ శిష్యరికం కోసం వియన్నా చేరారు. అక్కడ కార్ల్ బోమ్ నిర్దేశకత్వంలో వియన్నా ఫిల్‌హార్మోనిక్ బ్రామ్స్ 1వ సింఫనీ వాయించగా విన్న అనుభవాన్ని ఆయన అనేక సందర్భాల్లో చెప్పుకొన్నారు. అలాంటి నాదాన్ని అంతకు ముందు ఎన్నడూ వినలేదన్నది ఆ కథనాల సారం.

ఈ మాటను రికార్డుకు వ్యతిరేకంగా సాక్ష్యంగా తీసుకోవచ్చు. రికార్డు ఇచ్చింది నీడ, వియన్నా చూపింది వస్తువు అని చెప్పి ముగించవచ్చు. కాని ఆశ్చర్యపడినవాడు ఎవరన్నది కూడా ప్రశ్నే. సింఫనీ గురించి ఏమీ తెలియని 18 ఏళ్ల యువకుడు అదే సభలో కూర్చుంటే అతనికి కలిగేది దిగ్భ్రమ కావచ్చు, విసుగు కావచ్చు. ఆ రకమైన ఆశ్చర్యం మాత్రం కలగదు. తెలిసిన దానిలో తెలియనిది కనిపించినప్పుడే ఆ ఆశ్చర్యం పుడుతుంది. బొంబాయి రికార్డులు ఆయనకు సింఫనీ రూపాన్ని నేర్పాయి: ఏ స్వరవాక్యం ఎక్కడ మొదలై ఎలా పెరుగుతుంది, ఎక్కడ తిరిగి వస్తుంది అన్నది. వియన్నా ఆ రూపానికి నాదశరీరాన్ని తొడిగింది. సంగీతచరిత్రలో ఈ వరుస కొత్తది. రికార్డుకు ముందు శ్రోత ఎవరైనా నాదాన్ని ముందు విని, రూపాన్ని తరువాత గ్రహించవలసిందే, స్వరలిపి చదవగల కొద్దిమంది తప్ప.

కలకత్తాలో సత్యజిత్ రాయ్ విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. విద్యార్థిదశలోనే పాశ్చాత్య సంగీత రికార్డులకు అలవాటుపడిన ఆయన స్వరలిపి ప్రతులను కూడా సేకరించి, రికార్డు వింటూ వాటిని అనుసరించేవారు. చలనచిత్రానికీ సంగీతానికీ గల నిర్మాణ సంబంధాన్ని గురించి తరువాత ఆయన మాట్లాడినప్పుడల్లా ప్రస్తావించింది సొనాటా వంటి రూపాలనే. రికార్డు ద్వారా చేరినది రూపజ్ఞానం అనడానికి ఇది మరో ఆధారం.

మైసూరు: శ్రోతే పోషకుడైనప్పుడు

జయచామరాజ ఒడెయరు 1919 జులై 18న జన్మించారు. 1940 మార్చిలో తండ్రి, అదే ఏడాది ఆగస్టులో పెదతండ్రి నాల్వడి కృష్ణరాజ ఒడెయరు మరణించడంతో 21 ఏళ్ల వయసులో మైసూరు సింహాసనం ఎక్కవలసి వచ్చింది. పియానో విద్య అభ్యసించిన ఆ యువకుడికి సంగీతాన్ని వృత్తిగా స్వీకరించే దారి దానితో మూసుకుపోయింది. అయినా 1945లో లండన్ గిల్డ్‌హాల్ సంగీత విద్యాలయం నుంచి లైసెన్షియేట్, ట్రినిటీ సంగీత కళాశాల నుంచి గౌరవ ఫెలోషిప్ అందుకున్నారు.

మైసూరు ఆస్థానానికి పాశ్చాత్య సంగీతం అపరిచితం కాదు. నాల్వడి కాలం నుంచే ప్యాలెసులో కర్ణాటక బృందంతో పాటు పాశ్చాత్య బ్యాండు కూడా ఉండేది. అయితే ఆస్థానపు బ్యాండు వేరు, బాలకిరేవ్ సింఫనీని వాయించగల ఆర్కెస్ట్రా వేరు. ఆ లోటును పూరించినది ఒడెయరు రికార్డు భాండాగారం. అందులో సుమారు 20,000 రికార్డులు ఉండేవని అంచనా. 1949లో అతిథిగా మైసూరు వచ్చిన ఇంగ్లండు ధ్వనిముద్రణ నిర్మాత వాల్టర్ లెగ్ ఆ భాండాగారాన్నీ, ధ్వనివర్ధక యంత్రాలనూ, పెద్ద పియానోలనూ చూసి విస్మయం చెందినట్లు తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు.

లెగ్ 1945లో లండన్‌లో ఫిల్‌హార్మోనియా ఆర్కెస్ట్రాను స్థాపించారు. యుద్ధానంతర ఇంగ్లండులో ఆ బృందానికి ఆర్థికంగా నిలదొక్కుకోవడం కష్టమైంది. 1948లో ఫిల్‌హార్మోనియా కాన్సర్ట్ సొసైటీకి ఒడెయరు తొలి అధ్యక్షులయ్యారు. మూడేళ్లపాటు ఏటా 10,000 పౌండ్ల సహాయానికి ఆయన అంగీకరించారని లెగ్ కథనం. రాజు కళను పోషించడంలో విశేషమేమీ లేదు. కృష్ణదేవరాయల నుంచి తంజావూరు నాయకుల వరకు మన సాహిత్యచరిత్ర నిండా పోషకులే. విశేషం పోషణ దిశలో ఉంది. ఆస్థాన పోషకుడు కళాకారుణ్ణి తన కొలువుకు రప్పించుకుంటాడు, కృతిని అంకితం పుచ్చుకుంటాడు, సభలో ఎదుట కూర్చుని వింటాడు. ఒడెయరు కళాకారుణ్ణి కదిలించలేదు. లండనులో వాయించినది లండనులోనే ఉండిపోగా, దాని ముద్ర మాత్రం మైసూరు చేరాలన్నది ఏర్పాటు. సభ లేని పోషణ ఇది.

ఆయన ఏమి కోరారన్నది ఇంకా ముఖ్యం. బేతోవెన్, బ్రామ్స్ కృతులకు అప్పటికే అనేక ముద్రణలు ఉన్నాయి. ఒడెయరు ఆసక్తి ముద్రణకు నోచుకోని వాటి వైపు మళ్లింది. 1949లో హెర్బర్ట్ ఫాన్ కరాయన్ ఫిల్‌హార్మోనియాతో బాలకిరేవ్ 1వ సింఫనీని, ఆల్బెర్ రూసెల్ 4వ సింఫనీని రికార్డు చేయడానికి ఈ మైసూరు ధనమే తోడ్పడింది. బాలకిరేవ్ ఆ సింఫనీని 1864లో మొదలుపెట్టి 1897లో గాని పూర్తిచేయలేదు. రూసెల్ కృతి 1934 నాటిది. కచేరీ నిర్వాహకుడు టికెట్లు అమ్ముడయ్యే కృతుల వైపు మొగ్గుతాడు కనుక ఇలాంటివి కార్యక్రమాల్లో అరుదు. కచేరీ ద్వారా రుచి ఏర్పడిన శ్రోతకు ఆ కార్యక్రమాల సరిహద్దే తన రుచికి సరిహద్దు అవుతుంది. రికార్డుల జాబితాల ద్వారా రుచి ఏర్పడిన శ్రోతకు మాత్రం జాబితాలో లేనిది లోటుగా కనిపిస్తుంది. మంచి గ్రంథాలయంలో పెరిగిన పాఠకుడు అచ్చుకాని తాళపత్రాల కోసం వెతకడం వంటిది ఇది.

ఈ వెతుకులాటకు పరాకాష్ఠ నికొలాయ్ మెట్నర్ ఉదంతం. 1880లో మాస్కోలో జన్మించి, 1921లో రష్యా విడిచి, 1930ల మధ్యలో లండనులో స్థిరపడిన ఆ స్వరకర్త యుద్ధకాలం నాటికి ఆర్థికంగా, ఆరోగ్యపరంగా చితికిపోయి ఉన్నారు. ఒడెయరు సహాయంతో ఏర్పడిన మెట్నర్ సొసైటీ ఆయన 3 పియానో కాన్సర్టోలను, మరెన్నో చిన్న రచనలను, గీతాలను స్వయంగా ఆయనే పియానో వాయించగా 1940ల చివరి ఏళ్లలో రికార్డు చేయించింది. కృతజ్ఞతగా మెట్నర్ తన 3వ కాన్సర్టోను మైసూరు మహారాజుకు అంకితం చేశారు. 1951లో మరణించారు. మెట్నర్ ఒక్క సింఫనీ కూడా రాయలేదు; ఆయన రచనలన్నిటిలో పియానో ఉంటుంది. రికార్డుల ద్వారా లభించిన అభ్యాసం శ్రోతను సింఫనీ దగ్గరే ఆపలేదని, ఎవరూ పట్టించుకోని ఒక వృద్ధ స్వరకర్త వరకు నడిపించిందని ఈ ఉదంతం చెబుతోంది. మెట్నర్ తన సంగీతాన్ని ఎలా వాయించేవారో నేటి పియానో విద్యార్థి వినగలుగుతున్నాడంటే కారణం మైసూరులో కూర్చున్న ఒక శ్రోత.

ఈ మొత్తం కాలంలో ఒడెయరు రెండో సంగీతజీవితం కూడా సాగింది. శ్రీవిద్యోపాసకులైన ఆయన ఆ ముద్రతో 90కి పైగా కృతులను సంస్కృతంలో రచించారు. ఈ రచనలో ఆయనకు మార్గదర్శకులుగా నిలిచినవారు ఆస్థాన విద్వాంసులు మైసూరు వాసుదేవాచార్యులు. కన్నడదేశంలో ఉండి తెలుగులో కృతులు రచించిన ఆ వాగ్గేయకారుడి ఖమాస్ రాగ కృతిని వినని కర్ణాటక సంగీత శ్రోత అరుదు. ఒడెయరు కృతులు దీక్షితుల బాణీని తలపిస్తూ, పల్లవి, అనుపల్లవి, చరణాల చట్రంలోనే నడుస్తాయి. పొద్దుట బాలకిరేవ్‌ను విన్నవాడు సాయంత్రం రచించిన కృతిలో బాలకిరేవ్ కనిపించాలని ఆశించే విమర్శ ఒకటి ఉంది. అది తొందరపాటు. రెండు సంగీతాల్లో సహృదయత్వం సంపాదించినవాడు రెంటినీ కలపనక్కరలేదు. రెండు భాషలు బాగా తెలిసినవాడే వాటిని విడివిడిగా మాట్లాడగలడు.

ఒక ఆక్షేపణ

సింఫనీ ఇంట్లోకి రావడాన్ని అందరూ స్వాగతించలేదు. థియొడొర్ అడోర్నో 1941లో ప్రచురించిన రేడియో సింఫనీ వ్యాసంలో, సభామందిరపు ధ్వని విస్తృతి కోల్పోయిన సింఫనీ తన అంతర్నిర్మాణాన్ని కూడా కోల్పోతుందని, వినేవాడికి మిగిలేది విడివిడి స్వరవాక్యాల ఉదాహరణలు మాత్రమేనని వాదించారు. వాల్టర్ బెన్యమిన్ 1930ల మధ్యలో యాంత్రిక పునరుత్పత్తిని గురించి రాస్తూ, కళాఖండపు తేజోవలయం క్షీణిస్తుందని చెప్పినా, బృందగానం గదిలోకి నడిచి వస్తుందన్న మరో పార్శ్వాన్నీ గుర్తించారు. 4 నిమిషాలకొకసారి తెగిపోయే 78 రికార్డుకు అడోర్నో ఆక్షేపణ రేడియో కంటే మరింత బలంగా వర్తించాలి. అయితే ఈ వాదం ఒక్కసారి విన్న శ్రోతను దృష్టిలో పెట్టుకున్నది. ఒకే ముక్కలను యాభైసార్లు విన్నవాడు అతుకులు ఎక్కడున్నాయో ఎరిగి, మనసులో వాటిని కుట్టుకుంటాడు. యతిస్థానం దగ్గర ఆగి చదివినంత మాత్రాన పద్యం ముక్కలు కాదు.

ఈ సమాధానానికి ఒక హద్దు ఉంది. యాభైసార్లు వినే అవకాశం ఎవరికి ఉంది? నాలుగైదు పెద్ద రికార్డుల సింఫనీ పెట్టె నాటి సామాన్యుడి జీతానికి అందనిది. మెహతాల ఇల్లు, రాయ్ చదువు, ఒడెయరు ప్యాలెసు, మూడూ వేర్వేరు స్థాయిల సౌకర్యాలే. ఏటా 10,000 పౌండ్లు అన్న అంకె వెనుక ఒక సంస్థానపు ఆదాయం ఉంది. అభ్యాసం వల్ల సహృదయత్వం వస్తుందన్న సూత్రం సర్వసమానమైనదిగా కనిపిస్తుంది గాని, అభ్యాససాధనం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నను అభినవగుప్తుడు వేయలేదు. మనం వేయవలసి ఉంది.

1950 మే 22

1948లో అమెరికాలో కొలంబియా సంస్థ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డును విడుదల చేసింది. ఒక ముఖంలో 20 నిమిషాలకు పైగా పట్టే ఆ రికార్డుతో సింఫనీ ముక్కల సమస్య చాలావరకు తీరింది. ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. 1952 దాకా దానిని చేపట్టలేదు. మైసూరు పోషణ సాగిన ఏళ్లు ఈ సంధికాలంలోనివి. భారతదేశంలో సంస్థానాలు విలీనమయ్యాక ఆ పోషణ ఎక్కువ కాలం కొనసాగలేదు.

దాని చివరి ఘట్టాల్లో ఒకటి రిచర్డ్ స్ట్రౌస్ ఆఖరి 4 గీతాలకు సంబంధించినది. 1949 సెప్టెంబరులో మరణించిన స్ట్రౌస్ ఆ గీతాలను వినలేదు. 1950 మే 22న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో విల్హెల్మ్ ఫుర్ట్‌వాంగ్లర్ నిర్దేశకత్వంలో ఫిల్‌హార్మోనియా వాయించగా కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్ వాటిని తొలిసారి పాడారు. ఆ సభకు ఒడెయరు 4,800 డాలర్ల హామీ ఇచ్చారు. ఆయన కోరినది ముందువరుసలో ఆసనం కాదు, ఆ గానాన్ని రికార్డు చేసి మైసూరుకు పంపడం. ఆ రాత్రి వేలమంది ఒక్కసారి విన్నారు. రాలేకపోయిన పోషకుడు మాత్రం కోరినన్నిసార్లు వినే హక్కును కొనుక్కున్నారు. ఆ ముద్రణ నేటికీ లభ్యమే. గరగరమనే రొద మధ్య ఫ్లాగ్‌స్టాడ్ కంఠం దూరం నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది.